బొమ్మ వెనుక తేలు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంటి ముందుగది గోడకు అద్దం కట్టించిన పట్టుగుడ్డ ఒకటి ఉండేది. దాని మీద దానిమ్మ కొమ్మ, కొమ్మ మీద రెండు చిలుకలు. అన్నీ పట్టుదారంతో కుట్టినవే. మా అవ్వకు అత్త అయినామె, కాపురానికి వచ్చిన కొత్తలో, మగ్గాల దగ్గర మిగిలిన దారాలతో కుట్టిందని ఇంట్లో చెప్పేవారు. చీరల కోసం షావుకార్లు వస్తే మా అవ్వ ముందు ఆ బొమ్మ చూపించి, ఆ తర్వాతే చీర మడత విప్పేది. అంత పనితనం ఉన్న ఇల్లు మాదని నేను బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

డెబ్బైలలో వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. చెనిక్కాయ చేలు ఎండిపోయి కుందుర్పి వైపు నుంచి కూలి జనం పని వెతుక్కుంటూ మా ఊరికి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం అలా వచ్చిన ముసలామె ఒకామె మా గడప బయట నిలబడి నీళ్ళు అడిగింది. అవ్వ ఎత్తి పోస్తుంటే దోసిలి పట్టి తాగింది. మూతి తుడుచుకుంటూ లోపలికి చూసి, గోడ మీది బొమ్మ వైపు చేయి చూపింది.

"ఆ చిలుకలు ఇంగా ఉండాయా తల్లీ? మా యమ్మ కుట్టినాది అవి. మీ ఎనకాల పశువుల కొట్టంలో కూసోని రెండేండ్లు కుట్టినాది. నేను పక్కన కూసోని చూస్తా ఉంటి. పెండ్లయి ఆ పక్కకు పోయినాక మళ్ళా ఈడికి రాల్యా."

"అది మా యత్త కుట్టినాది" అంది అవ్వ.

"ఎనక చూడమ్మా. కింద మూలన నల్లదారంతో తేలు ఉంటాది. మా యమ్మ చేతి మీద పచ్చబొట్టు అది. ఏం కుట్టినా గుర్తుకు తేలు పెడతా ఉండె."

అవ్వ కోప్పడలేదు. రేపు ఇదే పొద్దుకు రమ్మని, అద్దం ఊడదీసి చూపిస్తానని మెత్తగా చెప్పి పంపింది. ముసలామె సంబరంగా వెళ్ళింది. ఆ వెంటనే అవ్వ తలుపు వేసి, బొమ్మ దించి, వెనక చెక్క తీసింది. తేలు ఉంది. నా చిటికెన వేలి గోరంత. కొండి కూడా పైకి లేచి ఉంది.

"నా కండ్లకు ఆనదు. నువ్వు తియ్యి" అని అవ్వ నా చేతికి సూది ఇచ్చింది.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఏం చేస్తున్నానో తెలియదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, నాకు తెలుసు. అయినా, అవ్వ పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పిందన్న మురిపెంలో, పట్టు చెదరకుండా ఒక్కొక్క పోగూ లాగేశాను. నా చేయి మంచి చేయి అని అవ్వ మెచ్చుకుంది.

మర్నాడు ముసలామె తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. తన తల్లి పని కూతురికి చూపించాలని తెచ్చుకుంది. అవ్వ అప్పటికే ఇరుగు పొరుగు ఆడవాళ్ళను పిలిచి ఉంచింది. అందరి ముందూ బొమ్మ వెనక్కి తిప్పి, "యాడుండాదమ్మే నీ తేలు?" అంది.

ఆమె వంగి చాలాసేపు చూసింది. తాకబోతే అవ్వ గుడ్డ వెనక్కి లాక్కుంది. ఎవరో నవ్వారు. కూతురు తల దించుకుని, "పోదాం పామ్మా" అని చేయి పట్టుకుంది. ముసలామె మా అవ్వకు దండం పెట్టి, "తప్పయింది తల్లీ. చిన్నప్పటిది, ఏమి చూసి ఏమి అనుకున్న్యానో" అంది. తన తల్లి పని గురించి తనే అబద్ధం చెప్పినట్టు ఒప్పుకుని పోయింది.

ఎందుకు చేశావని ఆ సాయంత్రం అవ్వను అడిగాను. దారం చుట్టడం ఆపకుండానే చెప్పింది. "ఒప్పుకుంటే మా యత్త పేరు పోతాది. ఒప్పుకోకపోతే ఆయమ్మది ఏం పోతాది? పోయేదానికి ఆమె దగ్గర ఏముండాదని?" నన్ను ప్రాణంగా చూసుకున్న మనిషి మా అవ్వ. ఆ మాట అన్నాక కూడా నా తలకు నూనె రాసి జడ వేసింది. ప్రేమగా ఉండే చేతులే ఇంకొకరిని అలా తుడిచేయగలవని నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దయ్యాక ఆ తల్లీకూతుళ్ళ కోసం కుందుర్పి చుట్టుపక్కల రెండుసార్లు తిరిగాను. కరువుకు ఊళ్ళు వదిలిన వాళ్ళను ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. అవ్వ పోయాక బొమ్మ నాకు వచ్చింది. చూసిన ప్రతివాళ్ళకూ జరిగింది దాచకుండా చెబుతాను, సూది పట్టింది నేనేనని కూడా. అంతా విని, కుట్టినామె పేరేమిటని అడుగుతారు. ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో ఒక్కరమూ ఆ మాట అడగలేదు.