పలకల మీద యుద్ధం

మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. రాష్ట్రం కొత్తది, నా మూతి మీద మీసమూ కొత్తదే. ఒక జానపద నవల రాస్తున్నాను. "కథ సరే, యుద్ధం రక్తి కట్టాలి. అది కుదిరితేనే అచ్చు" అని బెజవాడ ప్రచురణకర్త కబురు పెట్టాడు.

నాయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో పని చేసేవాడు. మూల విరిగి అమ్ముడుపోని పలకలను ఇంటికి తెచ్చేవాడు. యుద్ధమంతా వాటి మీదే రాసేవాణ్ని. నచ్చనిది తుడిచేయొచ్చు, అంతా కుదిరాక ఒకేసారి కాగితానికి ఎక్కించవచ్చు అని నా తెలివి. ఏం తెలివిలే!

వినడానికి మా మేనత్త ఉండేది. మామ పోయాక మా ఇంట్లోనే ఉంటూ మేకలు కాసేది. అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం మేకలను నీడకు తోలి వచ్చి, "చదువు అల్లుడా, ఆ రాతి బంట్లు ఏమైనారు?" అనేది. నా కథానాయకుడి మీదికి వచ్చే మాంత్రికుడి సైన్యమంతా రాతి బంట్లు. కత్తి దెబ్బ పడితే పొరలుగా విడిపోయి, ఒక్కో పొర ఒక్కో బంటై లేచేది. "ఓరి నాయనో! అట్లయితే ఆ పిల్లోడు ఎట్ల గెలుస్తాడురా?" అని బుగ్గన చెయ్యి పెట్టుకునేది. చదివి వినిపించిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది.

దసరాల్లో సరస్వతీ పూజ రోజున ఇంట్లో పలకలు అమ్మవారి ముందు పెట్టడం మా వాడుక. బజారుకు పోయి వచ్చేసరికి అత్త నా పలకలన్నీ కడిగేసింది. బొగ్గూ దొండాకు పసరూ కలిపి రుద్ది, నిగనిగలాడించి పటం ముందు వరసగా నిలబెట్టింది. మోచేతుల దాకా నలుపు. "నీ పుస్తకం అచ్చు కావాలని మొక్కుకున్నా అల్లుడా" అంది.

యుద్ధంలో ఒక్క ముక్కా ఇంకా కాగితానికి ఎక్కలేదు. ఆ ముఖం చూసి ఏమనగలను? "అంతా కాగితానికి ఎక్కించినాలే అత్తా" అన్నాను.

మళ్లీ రాశాను. గుర్తొచ్చింది తక్కువ, అతికించింది ఎక్కువ. బంట్లను పెంచాను, నెత్తురు ఏరులై పారించాను. అత్త అడిగితే, "అచ్చులో విందువుగానీ" అని దాటేశాను. ప్రచురణకర్త ఏమనుకున్నాడో, మొత్తానికి అచ్చేశాడు.

పుస్తకం వచ్చిన రోజు అత్త మేకలను కూడా తోలకుండా నా ఎదురుగా కూర్చుంది. యుద్ధం సగంలో ఉండగా చెయ్యెత్తి ఆపింది.

"ఇది అది కాదు. గుర్రం ఏమైంది? దాని నోటి నురగ తుడిచేదానికి వాడు కత్తి కింద పెడతాడు గదా. కొట్టేది ఆపేసరికి బంట్లు కూడా యాడోళ్లు ఆడనే నిలబడిపోతారు. ఆడ నాకు ఊపిరాడలా."

అక్కడితో ఆగలేదు. మొదటి నుంచీ చెప్పుకొచ్చింది, నా మాటల్లోనే, నేను మరిచిపోయిన మాటలతో సహా. వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇక దాచలేక, పూజ రోజు సంగతి చెప్పేశాను.

అత్త తన చేతులకేసి చూసుకుంది.

"ఆ పొద్దే చెప్పకపోతివే అల్లుడా" అంది చివరికి. "నేను చెప్తా ఉంటే నువ్వు రాసుకుందువు గదరా."

ఆమె మనసు నొవ్వకూడదనే ఆ రోజు దాచాను. పుస్తకం అప్పటికే బెజవాడ అంగళ్లకు చేరిపోయింది.