పెద్దాయన భాగం

నాగజ్యోతికి ఆ రోజు వచ్చిన కోపం మామూలుది కాదు. రాదా మరి?

నంద్యాలలో ముగ్గురన్నదమ్ముల ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేది ఆమే. పెద్ద సర్వర్ ఒక్కటే. దాని లోపల మూడు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే ఇంట్లో మూడు కాపురాల్లా వేరువేరుగా నడిచే కంప్యూటర్లు. పని ఎక్కువున్న దానికి మెమరీ ఎక్కువివ్వాలి, తగ్గగానే వెనక్కి తీసుకోవాలి. కానీ అన్నదమ్ములు వేరుపడ్డ రోజు పెద్దమనుషులు కూర్చుని, పొలం పంచినట్టే సర్వర్‌నూ మూడు సమభాగాలు చేశారు. ఒకరిది ఖాళీగా ఉన్నా ఇంకొకరు ముట్టుకోకుండా తాళం వేయించారు. అంతకంటే తలమాసిన పంపకం ఎక్కడైనా ఉందా?

పెద్దాయన ఓబులయ్య భాగంలో జీతాల పని నెలకోసారి నడుస్తుంది. నడిపాయన మందుల అంగడికి సగం కూడా అక్కర్లేదు. చిన్నాయన భాగం మాత్రం ఆళ్ళగడ్డలో ఆయన ఆసుపత్రి స్కాన్లన్నీ మోస్తూ ఊపిరాడక చస్తోంది. అడిగితే ఓబులయ్యది ఒకటే మాట, "నా భాగం నాది." అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఆ మధ్యాహ్నం ఆళ్ళగడ్డ నుంచి నర్సు మహానందమ్మ ఫోను చేసింది.

"జ్యోతమ్మా, నాగేశ్వరమ్మ అని ఒక కూలామె, మిరపకాయల ట్రాక్టరు మీంచి పడింది. తల స్కాన్ తీసి శానాసేపాయ. నంద్యాల డాక్టరుకు రాలేదంట. ఈమెకు తెలివి తప్పుతాంది, ఏం జేస్తాండావ్ మే?"

నంద్యాలలో స్కాన్లు చూసే డాక్టరు ఖాళీ తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఆళ్ళగడ్డ మెషీన్ మెమరీ నిండి కదలడం లేదు. పక్కనే పెద్దాయన భాగం హాయిగా నిద్రపోతోంది.

"మీ పంపకాల్లో మన్ను పడ!" అంది నాగజ్యోతి. తాళం తీసేసి ఆ మెమరీని ఆళ్ళగడ్డకు మలిపింది. స్కాన్ కదిలింది. తలలో రక్తం గడ్డకట్టిందని, వెంటనే కర్నూలుకు పంపమని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం ఓబులయ్య ఊగిపోతూ వచ్చాడు.

"ఎవురినడిగి నా భాగం తీసినావ్?"

"అడిగే టైము యాడుంది సార్? మీ పొలం తడిసినాక మడవ తిప్పి నీళ్ళు కింది మడికి మలపరా?"

"నీతులు సెప్పొద్దు. ఎట్లుండేది అట్ల పెట్టు. లేకుంటే రేపట్నుంచి పనికి రావొద్దు."

అంతలో మళ్ళీ ఫోను. నాగజ్యోతి స్పీకర్ పెట్టింది.

"జ్యోతమ్మా, ఆమెను కర్నూల్లో ఆపరేషన్‌కు తీసుకపోయినారు. ఈడ ఇంకొకాయన, బైకు మీంచి పడినాడు. స్కాన్ పంపుతాండాం, బేగా జూడు," అంది మహానందమ్మ.

నాగజ్యోతి ఫోనును ఓబులయ్య ముందుకు తోసింది. "స్కాన్ రాదు, ఆ మెమరీ నా భాగమని మీరే సెప్పండి."

ఓబులయ్య భుజం మీది తువ్వాలు దులుపుకుని తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ఈ పొద్దుకు ఉండనీ. రేపటికి నా భాగం నాకుండాల."

నాగజ్యోతి కుర్చీని వెనక్కి తన్ని లేచింది.

"రేపు గూడా ఆళ్ళగడ్డలో తలకాయలు పగుల్తాయి సార్!"