అన్న కారులో కొత్త ఆయిల్

తల నెరిసినా పేటలో అందరికీ అతను చిన్నోడే. అతనూ అన్నా ఏళ్ల తరబడి ఒకే షెడ్డులో కార్లు బాగుచేశారు. పొద్దున తాళం తీసింది మొదలు ఇద్దరికీ తగువే. అన్నిటికంటే పెద్ద తగువు అన్న పాత కారు గురించి. దాని ఇంజన్‌కి కొత్తరకం పల్చటి సింథటిక్ ఆయిల్ పోద్దామని చిన్నోడు పట్టుబట్టేవాడు.

"దాని ఒంటికి పడదురా. అలవాటైన చిక్కటి ఆయిలే పొయ్యాలి," అనేవాడు అన్న.

"నీ మొండితనానికి మందు లేదు," అనేవాడు చిన్నోడు.

ఒకరోజు టీ తాగుతూ తాగుతూ అన్న షెడ్డులోనే ఒరిగిపోయాడు. గుండెపోటు. చిన్నోడికి ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది. వేళకు తిన్నాడు, పడుకున్నాడు, పనిలోకి వచ్చాడు. "నిమ్మకు నీరెత్తినట్టున్నాడు చూడు," అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట విన్నా అతనికి ఏమీ అనిపించలేదు.

కొన్నాళ్లకు వదిన షెడ్డుకొచ్చింది. "డ్రైవింగ్ నేర్చుకున్నాను. మీ అన్న కారు నేనే నడుపుతాను. సిద్ధం చెయ్యి."

చిన్నోడు పాత ఆయిల్ దించి, సింథటిక్ పోశాడు. వద్దనేవాడు లేడు. పంతం నెగ్గిందన్న సంతోషమూ లేదు. ఇంజన్ మాత్రం పట్టులా తిరిగింది.

వారం తిరక్కుండానే వదిన ఫోన్ చేసింది. "ఇంటి ముందు ఆయిల్ మడుగు కట్టింది. ఏం చేశావయ్యా?"

వెళ్లి కారు కిందికి దూరాడు. ఆయిల్ కారకుండా ఆపే ఇంజన్ రబ్బరు సీళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఏళ్లుగా పేరుకున్న మడ్డే వాటి సందుల్ని మూసి కాపాడుతోంది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని శుభ్రంగా కడిగేసింది. కళ్ల ముందే చుక్క తర్వాత చుక్క రాలుతోంది. వెల్లకిలా పడుకునే వేలితో ఒక చుక్క తుడిచాడు.

"నువ్వన్నదే నిజం అన్నా," అన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది వదిన పైనుంచి.

"సీళ్లు పోయాయి వదినా. మళ్లీ అన్న ఆయిలే పోసేద్దామా?"

"మీ అన్నదమ్ముల గొడవలోకి నన్ను లాగకు. పోయినవి మార్చు. కారు నడవాలి, అంతే."

ఇంజన్ దించి సీళ్లన్నీ మార్చాడు. పాతదీ కొత్తదీ రెండు ఆయిల్ డబ్బాల వంకా చూసి, సింథటిక్కే పోశాడు. ఈసారి చుక్క కారలేదు.

మొదటిసారి బయల్దేరినప్పుడు వదిన అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. బ్రేకు తొక్కినప్పుడల్లా అతని తల అద్దానికి తగిలినంత పనయింది.

"ఏడ్చావా?" అని అడిగింది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"లేదు."

"నాకూ ఏడుపు రాలేదు. అందరూ నన్ను వింతగా చూశారు."

బండి మూలుగుతూ ఎత్తు ఎక్కుతోంది.

"గేరు మార్చండి వదినా," అన్నాడు చిన్నోడు.