బూడిదరంగులో రెండు జట్లు

జెడ్డాలో సినిమా హాళ్ళు తెరిచి నాలుగైదేళ్ళయిన రోజులవి. రంజాన్ సెలవులు ముగిసిన మరుసటి ఆదివారం నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను ఆడపిల్లల ప్రైవేటు కాలేజీ ఒకదానిలో, నాటకాలూ సినిమాలూ నేర్పే విభాగంలో, కుట్టుగది చూసుకునేదాన్ని. కాగితాల మీద నా హోదా వార్డ్‌రోబ్ అసిస్టెంట్. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, అందులో వృత్తి అనే గడిలో మాత్రం ‘ఖయ్యాతా’ అని ఉండేది. కుట్టుపని మనిషి అని. ఆ మాటే నాకు సరిపోతుంది. తణుకులో ఐదో తరగతితో బడి మాని మిషను తొక్కడం మొదలుపెట్టినదాన్ని.

పని ఏమిటంటే, హింద్ అనే చివరి ఏడాది అమ్మాయి పన్నెండు నిమిషాల సినిమా తీస్తుంది. ఒకప్పుడు హాలీవుడ్‌లో కాలేజీ పిల్లల మీద పాటలతో, నవ్వులతో, తక్కువ ఖర్చులో సినిమాలు చుట్టేసేవారట. తనదీ అలాగే, నలుపు తెలుపుల్లో ఉండాలట. రెండు కాలేజీల మధ్య బంతి ఆట. గ్యాలరీలో రెండు వైపులా కూర్చున్న పిల్లలు పాటతో దెబ్బలాడుకుంటారు, చివరికి కలిసి చిందులేస్తారు. పన్నెండు మంది అమ్మాయిలు, వాళ్ళకు నేను కుట్టాల్సిన కోట్లు పన్నెండు. నాకు మూడు వారాల గడువు. ఆ తరువాత ఆది, సోమవారాలు రెండు రోజులే జిమ్ హాలు ఇస్తారు. ఆ గురువారం పరీక్షకుల ముందు సినిమా వేయకపోతే హింద్‌కు ఏడాది పోతుంది. అది విభాగం నియమం. ఎవరి కోసమూ సడలించగా నేను చూడలేదు.

కోట్ల తీరు చూసుకోమని హింద్ ఆ పాత సినిమాలు తెచ్చి కుట్టుగది గోడ మీద వేసేది. మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక కాలేజీ మొత్తం నిద్రలో ఉన్నట్టుండేది. బయట కళ్ళు విప్పనివ్వని తెల్లటి ఎండ. లోపల పరదాలు దించితే గోడంతా ఆ లోకమే. మెట్ల మీద నుంచి పాడుతూ దిగే అమ్మాయిలు, సోడా కొట్లో బల్లలెక్కి ఆడే కుర్రాళ్ళు, ముప్పై దాటిన మొహాలతో విద్యార్థులు. ఒక్కరూ పుస్తకం తెరవరు. అలాంటి చదువు మీద నాకు గౌరవం లేదు. అయినా కాసేపటికి నా మిషను చప్పుడు వాళ్ళ అడుగులతో కలిసిపోయేది. సూది కింద జరుగుతున్నది నా గుడ్డో, ఆ పిల్లల పావడా అంచో తెలిసేది కాదు.

ఇంగ్లీషు రాదు కనుక నేను బట్టలే చూసేదాన్ని. ఒక పావడాకు ఎడమ పక్క మూడో మడత వంకరగా ఉంది. కాస్సేపటికి వేరే అమ్మాయి వచ్చింది. ఆమె పావడాకూ అక్కడే అదే వంకర. కాకపోతే నడుముకు తెల్ల పట్టీ చేరింది. ఆ కుట్టిన మనిషి ఎవరో గాని దుబారా రకం కాదనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

కోట్లకు గుడ్డ బలద్‌లో, అంటే జెడ్డా పాత బజారులో, చూశాను. యూనిఫాంల కొట్టు ఒకటి మూసేస్తూ అడుగున పడేసిన తానులు రెండు దొరికాయి. ఒకటి ముదురు ఎరుపు, ఇంకొకటి ముదురు ఆకుపచ్చ. ముక్క తడిపి చూశాను, రంగు దిగలేదు. వీధి అవతల నిలబడి చూశాను, దేనికది స్పష్టంగా తెలిసింది. ఇక కోసేశాను.

షూటింగు మొదలయ్యే ఆదివారం పొద్దున జిమ్ హాల్లో లైట్లు పెట్టింది రాజన్న. జగిత్యాల వైపు మనిషి, కాలేజీ మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రీషియన్. కెమెరాకు తగిలించిన టీవీ ముందు నిలబడి నన్ను పిలిచాడు.

“పెద్దమ్మా, గిటు రా ఓసారి. ఎవలు ఏ కాలేజోల్లో జర జెప్పు. నాకైతే సమజైతలేదు.”

“కళ్ళు కనపడట్లేదా ఏంటి? ఎర్రకోట్లు ఇటు, పచ్చకోట్లు అటు.”

“నీ కండ్లకు కనవడ్తయే. గీ డబ్బకు రంగు దెల్వదు గద!”

వంగి చూశాను. పన్నెండు కోట్లూ ఒకే బూడిదరంగు. నలుపు తెలుపు బొమ్మలో రంగు మిగలదు, ముదురూ లేతా మాత్రమే మిగులుతాయి. నా రెండు తానులూ ఒకే ముదురు. ముప్పై ఏళ్ళు గుడ్డ కోసిన నేను ఆ సంగతి కోసే ముందు అడగలేదు.

హింద్ గ్యాలరీ కింది మెట్టు మీద కూలబడింది. ఆట సీను తీసేద్దాం ఖాలా, అంది. ఆ పిల్లలు నన్ను ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేవారు. ఆ సీను తీసేస్తే సినిమాలో మిగిలేది నాలుగు నిమిషాలు. అది సినిమా కాదని తనకూ తెలుసు.

“ముందు లే. ఉతికిన అబాయాతో దుమ్ములో కూర్చున్నావు,” అన్నాను.

“ఓ పక్కోల్లకు సుద్ద రాద్దమా పెద్దమ్మా?” అన్నాడు రాజన్న.

“రాయి. తరవాత ఉతికేది నువ్వే.”

అప్పుడు గుర్తొచ్చింది, ఆ వంకర మడతా, నడుముకు తెల్ల పట్టీ. కుట్టుగదిలో నా సంచి ఒకటుంది. మగవాళ్ళు తొడిగే తెల్ల తోబులు కుట్టే దుకాణంలో మిగిలిన ముక్కలు, తలగడల్లో కూరడానికి రెండేళ్ళుగా అందులో దాస్తున్నాను. ‘పెద్దమ్మ ఖజానా’ అని రాజన్న వెక్కిరించే సంచి అదే. వాడి చేతే మోయించాను.

ఒక జట్టుకు తెల్ల కాలర్లు, ఆరు చాలు. కోయడానికి కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. ఎరుపూ పచ్చా ఒకటే అయిపోయాక ఎవరు ఏ కాలేజీయో చెప్పేది కాలరొక్కటే, ఉంటే ఒక కాలేజీ, తీస్తే ఇంకొకటి. అందుకని పన్నెండు మందికీ పన్నెండు కోశాను. వాటిని కచ్చా కుట్టుతో, అంటే కొలత చూసుకోవడానికి వేసే వదులు కుట్టుతో, తగిలించాలి. ఒక్క దారం లాగితే ఊడి వస్తాయి. ఎవరి కాలరు వాళ్ళనే కుట్టుకోమన్నాను. సూది పట్టడం ముగ్గురికే వచ్చు. వంకరగా వేసినవాళ్ళవి విప్పించి మళ్ళీ వేయించాను. ఒకమ్మాయికి నాలుగుసార్లు. ఆ రోజంతా దానికే పోయింది, ఒక్క షాటూ తీయలేదు. హింద్ గోడ గడియారం చూడడం నేను చూడనట్టున్నాను.

సోమవారం పన్నెండు మందినీ కాలర్లతో కుడి గ్యాలరీలో కూర్చోబెట్టి పాట తీశారు. తరువాత దారాలు లాగాం. అదే పన్నెండు మంది ఒట్టి కోట్లతో ఎడమ గ్యాలరీకి వెళ్ళి జవాబు పాడారు. వైపుకు ఆరుగురితో బోసిగా ఉండాల్సిన గ్యాలరీలు రెండూ నిండిపోయాయి.

“మొకాలు గుర్తువడ్తరేమో,” అన్నాడు రాజన్న.

హింద్ తల అడ్డంగా ఊపింది. కెమెరా దూరంగా జరిపింది, ముందు వరసవాళ్ళను వెనక్కి మార్చింది. కలిసి ఆడే చివరి పాటకు ఆరుగురికి మాత్రం కాలర్లు మళ్ళీ తగిలించాం. సాయంత్రం అస్ర్ నమాజు వేళకు పని అయింది.

గురువారం నేను చివరి కుర్చీలో కూర్చున్నాను. దీపాలు ఆర్పారు. బూడిదరంగు వెలుతురులో ఆ అమ్మాయిలు తమకు తామే ఎదురుగా కూర్చుని పాడుకుంటున్నారు, తమనే వెక్కిరించుకుంటున్నారు. వాళ్ళలో ఎర్రకోటు ఎవరిదో పచ్చకోటు ఎవరిదో కుట్టిన నాకే తెలియలేదు. గోడ మీద వంకర మడత పావడాతో తిరిగిన అమ్మాయి వచ్చి ఆ వరసలో కూర్చున్నా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

దీపాలు వెలిగాక ఒక పరీక్షకురాలు ఒకే ప్రశ్న అడిగింది. కాగితంలో పన్నెండు పేర్లుంటే ఇరవై నాలుగు మంది ఎక్కడి నుంచి వచ్చారని. హింద్ లేచి జేబులోంచి కాలరొకటి తీసి చూపించింది. పాసయింది.

ఆ కోట్లను అలాగే దాచి, తరువాతి ఏడాది వేరే నాటకంలో బంట్రోతులకు వాడాం. కాలర్లు తిరిగి సంచిలోకి వెళ్ళాయి.

కంటికి నచ్చిన గుడ్డ కెమెరాకు నచ్చాలని లేదు. కోసే ముందు జానెడు ముక్క కెమెరాకు చూపించి చూడాలి. కత్తిరించే బల్ల ఎదురుగా గోడ మీద ఆ మాట తెలుగులో రాసి పెట్టుకున్నాను. నేను ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాని వీసా మీద, ఉద్యోగం వదిలిన వారం, నా తరువాత వచ్చే మనిషికి తెలుగు రాదు కదా అని, హింద్ వచ్చి దాని కిందే అరబ్బీలో రాసి వెళ్ళింది.