ఇద్వల్ నిలబెట్టిన రాయి

కైన్వెన్‌కు ఆ పొలమంటే ప్రాణం. వేల్స్ కొండవాలున ఆ గడ్డి మీదే ఆమె గొర్రెలు ఏటా ఈనేవి. ఆ గడ్డి మీదుగానే కొత్త రోడ్డు వేస్తామని ప్రభుత్వం గీత గీసింది. ఇక ఆశల్లా పొలం మధ్యనున్న నిలువురాయి మీదే. వేల ఏళ్ల నాడు దాన్ని అక్కడే పాతారని తేలితే రోడ్డు పక్కకు తిరుగుతుంది. తేలకపోతే పొలం పోతుంది.

తేల్చడానికి తవ్వకాల నిపుణురాలు నెస్టా వచ్చింది. పొరుగు రైతు మాల్డ్విన్ ముందే కైన్వెన్ చెవిలో ఊదాడు: "చూడక్కా, అడిగినదానికే జవాబు చెప్పు. మా బావ పురాణం విప్పకు."

అయ్యో, ఆమెకు నోరు కట్టుకోవడం ఎప్పుడు చేతనయింది గనక! పోయిన మొగుడి మాట వస్తే చాలు, పొద్దే తెలియదు.

"రాయి భలే నిటారుగా ఉందే!" అంది నెస్టా.

"ఉండదూ మరి! గాలివానకు పడిపోతే మా ఇద్వలే ట్రాక్టరుతో లేపాడమ్మా. ఇంకొకడైతే పగలగొట్టి గోడకు వాడుకునేవాడు. ఈయన గుంటంతా శుభ్రంగా తోడేశాడు. లోపల ఎవరో ఇరికించిన చిన్న రాళ్లు, బొగ్గు, నల్లమట్టి. ఆ చెత్తంతా ఏట్లో పారబోసి, నిండా సిమెంటు పోశాడు."

నెస్టా తడి గడ్డి మీదే చతికిలబడింది.

"అమ్మా, రాయిని చూసి ఎప్పుడు పాతారో చెప్పలేం. ఆ బొగ్గే చెప్పాలి. ఆ చిన్న రాళ్లే సాక్ష్యం. మాకు కావలసింది ఆ చెత్తే."

"అంటే?"

"ఇప్పుడిది మీవారు నిలబెట్టిన రాయి. అంతకుముందు ఎవరు నిలబెట్టారో చెప్పడానికి ఏమీ మిగల్లేదు."

"కొంప ముంచుకున్నావు కదక్కా!" అని మాల్డ్విన్ తల పట్టుకున్నాడు.

"ఆవిడ చెప్పకపోయినా తవ్వితే సిమెంటే బయటపడేదిలెండి" అంది నెస్టా, ఊరడింపుగా. ఊరటెక్కడిది! కైన్వెన్ కడుపు ఇంకా మండింది. తప్పు తన నోటిది కాదు, ఇన్నేళ్లూ తను ఊరంతా చెప్పుకుని మురిసిన ఇద్వల్ చేతులది.

ఎండాకాలానికి యంత్రాలొచ్చాయి. కైన్వెన్ గొర్రెలను సంతలో అమ్మేసింది. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరీగారు పలకరించారు.

"ఇద్వల్ ఎంత మంచివాడమ్మా! కళ్లముందు ఏదీ పాడవనిచ్చేవాడు కాదు."

"అవునండీ" అంది కైన్వెన్. "ఆ పడిన రాయిని పడినట్టే వదిలేసే పాటి బద్ధకస్తుణ్ణి చేసుకుని ఉంటే, ఇవాళ నా పొలం నాకుండేది."

మొగుడి సమాధి వైపు తిరగకుండానే ఇంటికి వెళ్లిపోయింది.