ఎడమచేతికి అరంగుళం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా చుడీదార్లన్నిటికీ ఎడమచేతి అంచు కుడిదానికన్నా అరంగుళం వదులుగా ఉంటుంది. నేను వాచీ కట్టుకోను. ఈ ఉదయం మా వీధి దర్జీ కొత్త గుడ్డ మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ పెట్టగానే ఆవిరితో పాటు తడి నూలు వాసన లేచింది. కొలతకని ఇచ్చిన పాత చుడీదారు చూసి, "ఎడమది వదులుగా ఉండాది మేడమ్, పట్టేస్తా" అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగితే, అలాగే కుట్టమని పాతది అతని ముందుకు జరిపాను. ఆ వాసనకు నాకు వసుంధరక్క గుర్తొస్తుంది. గుర్తొచ్చిన వెంటనే విసుగూ వస్తుంది.

తొంభైల చివర్లో మదనపల్లె బస్టాండు వెనక వీధిలో, మేడమీది గదికి 'వసుంధర, ఫ్యాషన్ డిజైనర్' అని బోర్డు పెట్టిందామె. మా ఊళ్లో ఆ మాట బోర్డు మీద రాయించుకున్న మొదటి మనిషి. మెట్లెక్కి వచ్చినవాళ్లలో సగం మంది చీరకు ఫాల్ వేస్తారా అని అడిగేవారు. "వెయ్యను" అని తల కూడా ఎత్తకుండా చెప్పేది. డిగ్రీ అయిపోయి ఇంట్లో పుస్తకాల్లో తల దూర్చుకుని ఉన్న నన్ను కొలతలు రాయడానికి పెట్టుకుంది. రాయడమే కదా, మాట్లాడే పని ఉండదని ఒప్పుకున్నాను. వారం తిరక్కముందే వచ్చినవాళ్లతో మాట్లాడే పనంతా నా మీద పడేసింది. ఆమె మాట్లాడితే వాళ్లు వెళ్లిపోయేవారు మరి. నేను అనాల్సిన వాక్యాలు ముందురోజే డైరీలో రాసుకుని బట్టీపట్టి వచ్చేదాన్ని. ఆ వాక్యాలకు సరిపోయే ప్రశ్న ఒక్కరూ అడిగేవారు కాదు.

చేతులు కిందికి వదిలి నిలబడితే ఆమె కొలత తీసుకునేది కాదు. టీచరమ్మ వస్తే బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తమనేది. పాలకేంద్రం నడిపే ఒకామెను క్యాను ఎత్తుతున్నట్టు వంగమంది. ఆమె మళ్లీ రాలేదు. "మనిషి గోడకు తగిలించిన పటమా పాపా, కదలకుండా ఉండేదానికి?" అని అక్క నన్ను కసిరింది, వెళ్లిపోయింది నేనైనట్టు. కుట్టింది నచ్చకపోతే ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే విప్పేసేది. వచ్చినవాళ్లకు సర్ది చెప్పుకోవడం నా వంతు. చివరికి అద్దె బాకీ పడేసరికి గది యజమాని, ఎరువుల కొట్టుకు ఇచ్చేస్తాను, ఖాళీ చేయమన్నాడు. "పెద్ద ఆర్డరు ఒకటి రాకపోతే బోర్డు దించేసి, పెద్దమండ్యంలో మా అన్న ఇంట్లో ఫాల్సే కుట్టుకుంటా" అంది అక్క. బోర్డు దిగితే నేనూ ఇంటికే. ఆమెను భరించడం కష్టంగానే ఉండేది, కానీ ఆ గది లేకుండా మళ్లీ ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదని అప్పటికే తెలిసిపోయింది.

అలాంటప్పుడు కుప్పం నుంచి మునెప్పగారు వచ్చారు. గ్రానైటు వ్యాపారం. పుంగనూరులో కూతురి పెళ్లి, రిసెప్షనుకు మెడ మూసిన కోటు కావాలి. కోటు సంగతి కన్నా ముందు ఒక వెల్వెట్ పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. లోపల స్విట్జర్లాండు వాచీ. సన్నటి బంగారు అంచు, ముళ్ల కింద చిన్న కిటికీ, అందులో తిథిని బట్టి జరిగే చందమామ. నేను అలాంటిది పుస్తకాల్లో కూడా చదవలేదు.

"ఇట్లాంటివి దేశంలో నాలుగైదు ఉంటే ఎక్కువంటమ్మా. ఎడమచెయ్యి రెండంగుళాలు పొట్టిగా కుట్టు. అందురికీ కనపడల్ల" అన్నారాయన.

అక్క వాచీని చెవి దగ్గర పెట్టుకుంది. "నడవలేదే?"

"కీ తిప్పితే అరిగిపోతాది. కొన్నప్పటినించీ తిప్పలే."

"నడవని వాచీ కోసరం కోటుకు సెయ్యి నరికేది నా సేత కాదప్పా."

మునెప్పగారు పెట్టె మూసి మెట్లు దిగారు. "పోతే పోనీ" అని అక్క కత్తెర అందుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ వాక్యమూ రాసుకోకుండానే వీధిలోకి పరిగెత్తి, జీపు ఎక్కబోతున్న ఆయన్ని ఆపాను.

"అయ్యా, దాన్ని మీరు ఎప్పుడూ కట్టుకోరా?"

"నాది రాళ్ల పని పాపా. దుమ్ము పడతాది."

"కూతురి పెళ్లిలో రాళ్లు కొయ్యరు కదా" అన్నాను.

అన్నాక నాకే భయమేసింది. ఆయన జీపు మీద పెట్టిన కాలు దించారు. "మీ యక్క కంటే నువ్వు నయమనుకుంటిని" అని నవ్వి, వెనక్కి తిరిగారు.

పైకొస్తే అక్క క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. "పెళ్లినాడు మీ సేతులతో ఏం జేస్తారు?" అని అడిగింది.

"ఏం జేస్తా? వచ్చినోళ్లకంతా దండం పెడతా."

"పెట్టండి." ఆయన చేతులు జోడించి నిలబడితే టేపు తీసింది. చేతులు రెండూ నిండుగానే కుడతానంది. ఎడమదానికి మాత్రం అంచు అరంగుళం వదులు, లోపల జారే శాటిన్ లైనింగు. చేతులు దించితే వాచీ దాగుతుంది, దండం పెడితే కోటు అంచు తనంతట తనే వెనక్కి జారి వాచీ కనపడుతుంది. "కానీ తిప్పి కట్టుకోవల్ల. ఒప్పుకుంటే కుడతా" అంది. ఆయన పెట్టె వైపు చూసుకుని, ఒప్పుకున్నారు.

ఆ ఎడమచేతిని ఎన్నిసార్లు విప్పిందో. పెళ్లినాడు పుంగనూరు బస్సులో కూడా కోటు నా ఒళ్లో పరిచి కుట్లు విప్పింది. కుదుపుకు సూది నా మోకాలికి గుచ్చుకుంది. "కదలబాక" అంది. బస్సుకు చెప్పాల్సిన మాట నాకు చెప్పింది.

రిసెప్షనులో మునెప్పగారు దండం పెట్టిన ప్రతిసారీ కోటు జారింది, చందమామ మెరిసింది. వాచీ గురించి ఒక్కరూ అడగలేదు. "కోటు యాడ కుట్టించినావు మామా?" అన్నవాళ్లే అందరూ. చివరికి ఆయన మా దగ్గరికొచ్చి, "మీ కోటు నా వాచీని తినేసిందమ్మా" అన్నారు. తర్వాత మణికట్టు చెవికి ఆనించుకుని, "నడస్తాండాది" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. బెంగళూరులో బట్టల షోరూము ఉన్న ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని లైనింగు తిరగేసి చూసి, అక్కను పక్కకు పిలిచింది.

గది నిలవాలని పరిగెత్తినదాన్ని నేను. ఆ పరుగే గదిని ఖాళీ చేయించింది. నెల తిరిగేలోపు అక్క బెంగళూరు ప్రయాణం కట్టింది. ఆమె ఇప్పుడు పత్రికల్లో కనిపించే మనిషి. అక్కడా ఎవరినో ఒకరిని కసురుతూనే ఉంటుందని నా నమ్మకం. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. పుస్తకం అడగడానికి వచ్చి నోరు తెరవలేక నిలబడ్డ పిల్లల్ని నేనే ముందు పలకరిస్తాను. డైరీ ఇంకా రాస్తాను కానీ మాట్లాడబోయే వాక్యాలు అందులో రాసుకోవడం మానేశాను. వాచీ కొనడానికి జీతం చాలక కాదు. కొంటే ఆ వదులు నిండిపోతుంది.

చివరగా రాసుకున్న వాక్యం, అక్కను రైలెక్కించడానికి మునెప్పగారి జీపులో వెళ్లినప్పుడు కుప్పం స్టేషనులో చెప్పాల్సింది. 'నన్నూ తీసుకుపో అక్కా.' ఆ రోజు ఆమె కుట్టిచ్చిన కొత్త చుడీదారే వేసుకున్నాను. రైలు కూత వేసేదాకా అక్క కిటికీలోంచి నా మొహమే చూస్తూ కూర్చుంది. నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఎడమచెయ్యి వదులైందక్కా. కొలత తప్పినావు."

"తప్పలే పాపా. వాచీకని ఇడిసినా. ఎవురు సెప్పినా దాన్ని పట్టేసుకోబాక."