ఫోటో అయ్యాక పెట్టెల్లోకి వెళ్ళిన హెల్మెట్లు

జూలై మొదటి సోమవారం: అరగంట మాట్లాడమని పిలిచి, ఐదు నిమిషాలకే మైకు తీసుకున్నారు.

జూలై రెండో శుక్రవారం: పిల్లల తలలకు హెల్మెట్లు పెట్టి ఫోటో తీయించారు. ఆ వెంటనే వాటిని వెనక్కి తీసుకుని అట్టపెట్టెల్లో సర్దారు.

ఆగస్టు మొదటి మంగళవారం: ఇచ్చిన మాట ఇవ్వలేదన్నారు.

ఇవి మా ఊరి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు గురించి నా నోటుబుక్కులో ఉన్న పద్దులు. నేను రిటైరైన సర్వేయరును. రెండేళ్ళ క్రితం బద్వేలు రోడ్డులో కంకర మీద నా స్కూటర్ జారింది. హెల్మెట్ ఉంది, హ్యాండిల్‌కు వేలాడుతూ. పోలీసులు కనిపిస్తే పెట్టుకుందామనుకున్నాను. కర్నూలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక, నా భార్య అందించిన గ్లాసును ఏమంటారో గుర్తురాలేదు. ఇప్పటికీ పొద్దున జరిగింది సాయంత్రానికి నిలవదు. అందుకే అన్నీ రాస్తాను.

ఆ మంగళవారం కాలేజీ గేటు ముందు, ఒకే బండి మీద హెల్మెట్లు లేకుండా వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళను ఆపాను.

"ఏం తాతా, నిన్ననే చెప్తివి గదా, అప్పుడే మర్చిపోయినావా?" అన్నాడు బండి నడిపేవాడు. వెనకిద్దరూ పగలబడి నవ్వారు.

పుస్తకం తీసి చూశాను. నిజమే, నిన్నా వచ్చాను.

"మర్చిపోయినా కాబట్టే మళ్ళా వచ్చినా నాయనా. తలకాయ పగిలితే నీకూ ఇదే గతి."

వాళ్ళ నవ్వు ఆగింది. బండి మాత్రం మళ్ళీ కదిలి గేటు దాటింది.

హెల్మెట్ లేని బండిని గేటు దాటనివ్వనని జూన్‌లో మీరన్నారు కదా అని ఆరోజే ప్రిన్సిపాలును అడిగాను.

"నేనెప్పుడంటి సార్? మీకు తలకు దెబ్బ తగిలిండాది కదా, ఏదో కలిపి రాసుకొనుంటారు. ఎండ శానా ఉండాది, ఇంటికి పోండి."

ఆయన అన్నమాట నాకు గుర్తులేదు. ఒప్పుకుంటాను. కానీ నోటుబుక్కులో జూన్ పేజీలో ఉన్నది నా చేతిరాత, పక్కన వేళ కూడా ఉంది. లేనిది ఆయన సంతకం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైతు సంతకం లేకుండా ఏ పొలం గట్టూ దిగలేదు. ఈ ఒక్కచోట పెద్దమనిషి కదా అని నమ్మి వచ్చేశాను.

కనుక ప్రిన్సిపాలు గారికి: హెల్మెట్ లేని విద్యార్థి బండిని లోపలికి రానిస్తారా, రానివ్వరా? పదిహేను రోజుల్లోగా కాగితం మీద, సంతకంతో, కాలేజీ ముద్రతో జవాబివ్వండి. నోటి మాట చెల్లదు. నేను మర్చిపోతాను, మీరు కాదంటారు.